అంత పెద్ద డ్యామ్ కాంక్రీటు లోపల వేడి ఎలా చల్లారింది?

ఉప్పల్ కుర్రాడు:
మా పక్క అపార్ట్‌మెంట్‌కి నిన్న స్లాబ్ వేశారు. ఇవాళ మేస్త్రీ గట్లు కట్టి నీళ్లు నిలగడుతున్నాడు, తడి ఆరితే పగుళ్లొస్తాయట. సిమెంటు గట్టిపడేటప్పుడు వేడి కూడా పుడుతుంది కదా. అరడుగు స్లాబ్‌కే ఇంత జాగ్రత్త ఉంటే అమెరికాలో హూవర్ డ్యామ్ 221 మీటర్ల ఎత్తు, అడుగున మందమే 200 మీటర్లు, అంత కాంక్రీటు నడిమధ్యలో వేడిని ఏం చేశారు? తెలిసినవాళ్లు చెప్పండి.

మియాపూర్ సైట్ ఇంజనీర్:
అక్కడ అసలు సమస్య అదే తమ్ముడూ. మొత్తం ఒకేసారి పోస్తే ఆ వేడి దిగడానికి వందేళ్లకు పైనే పడుతుందని లెక్క తేలింది, ఈలోపు పైభాగం చల్లబడి లోపల వేడిగానే ఉంటే డ్యామ్ బీటలు వారుతుంది. అందుకని గళ్లుగళ్లుగా విడగొట్టి విడతకి 5 అడుగుల ఎత్తు చొప్పున పోశారు. ప్రతి విడతలోనూ అంగుళం ఇనుప పైపులు పరిచి, ముందు నది నీళ్లు, తర్వాత ప్లాంటులో బాగా చల్లబరిచిన నీళ్లు తిప్పారు. చల్లారిన కాంక్రీటు ముడుచుకుని గళ్ల మధ్య సందులు పడితే వాటిలోకి గ్రౌట్, అంటే పలచటి సిమెంటు పాలు ఎక్కించారు, పని అయ్యాక పైపుల్నీ గ్రౌట్‌తోనే నింపేశారు. 1933 జూన్‌లో మొదలైన పోత 1935 మేలో అయిపోయింది, అంటే రెండేళ్లు కూడా పట్టలేదు!

సాగర్ అమ్మాయి:
మన నాగార్జునసాగర్‌ది ఇంకో దారి అన్నా. 1955 డిసెంబర్ 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు, 1967లో కాల్వలకు నీళ్లొదిలారు. 26 గేట్లున్న ఆ ప్రధాన కట్టడం రాతిది, ఎత్తు దాదాపు 124 మీటర్లు. రాయికి సొంత వేడి పుట్టదు, సిమెంటు ఉండేది రాళ్ల మధ్య మసాలాలోనే. ఆ రాళ్లను మోసి పేర్చిన వేలమంది కూలీల పేర్లు ఎక్కడా కనపడవు, నాకు ఆ బాధ ఎప్పుడూ ఉంటుంది.

పాతబస్తీ భాయ్:
జూపార్కు దగ్గర మీర్ ఆలం చెరువు కట్టనీ ఒకసారి చూడండి. 1800ల మొదట్లోది, నీటివైపు ఉబ్బి ఉండే 21 అర్ధవృత్తాల రాతి గోడలు వరసగా. నీటి ఒత్తిడిని కమాను పక్కలకి తోసేస్తుంది కాబట్టి గోడ మరీ మందంగా కట్టే పనిలేదు, అసలు అంత సరుకే పోయక్కర్లేదు.

ఉప్పల్ కుర్రాడు:
సూపర్ భాయ్, ఈ ఆదివారం వెళ్లి చూస్తా. మరి దుబాయ్ ఎండలో బుర్జ్ ఖలీఫా ఎలా పోశారన్నా?

మియాపూర్ సైట్ ఇంజనీర్:
ఎండాకాలంలో పోతలు రాత్రిపూటే పెట్టుకుని మిక్స్‌లో ఐసు కలిపారు. మన దగ్గర కూడా మే నెలలో పెద్ద రాఫ్ట్ (భవనం మొత్తానికీ అడుగున వేసే పునాది స్లాబ్) వేయాలంటే రాత్రే మొదలుపెడతాం.