తమ్ముణ్ణి పార్సిల్ చేసే పేజీ ఉంచాలా, తీసేయాలా?

పలకబలపం:
మూడు నుంచి ఆరేళ్ల పిల్లల కోసం 24 పేజీల బొమ్మల పుస్తకం, సెంటర్ పిన్ (నడిమి మడత మీద పిన్నులు), బొమ్మలన్నీ నీటిరంగుల్లో. అమ్మ పురిటికి అమ్మమ్మగారింటికి వస్తుంది, నాలుగేళ్ల బుజ్జి కూడా వస్తుంది. కొత్త ఉయ్యాల వచ్చిన అట్టపెట్టెని బుజ్జి పడవ చేస్తుంది, బస్సు చేస్తుంది. 14–15 పేజీల్లో మాత్రం బొమ్మని అందులో పెట్టి "తమ్ముణ్ణి చందమామకి పార్సిల్ చేసేస్తున్నా" అంటుంది. 22–23 పేజీల్లో అక్కాతమ్ముళ్లిద్దరూ పెట్టె పడవలో షికారు. సంపాదకుల్లో సగంమంది పార్సిల్ పేజీలు వద్దంటున్నారు. మీరేమంటారు?

బాలవాడి:
వద్దనే అంటాను. ఇలాంటి పుస్తకం ఎక్కువగా కాన్పుకి ముందే చదివి వినిపిస్తారు. అప్పటికి ఆ పిల్లకి తమ్ముడంటే అమ్మ పొట్టే. లేని కోపాన్ని మనమే చేతికిచ్చినట్టవుతుంది. పైగా మూడేళ్ల వాళ్లు చూసింది చేస్తారు. పసిబిడ్డ ముక్కుకి గుడ్డో అట్టో అడ్డుపడితే తీసుకోవడం వాడికి చేతకాదు. పెట్టె, అందులో "తమ్ముడు", ఆపైన మూత... ఈ మూడూ ఒకే బొమ్మలో గీయడం నాకు భయమే.

లక్కపిడత:
కోపం నేర్పేది పుస్తకం కాదండీ, చూడ్డానికొచ్చిన చుట్టాలు. "ఇంక అమ్మ నీది కాదు, తమ్ముడిదే" అని ఏడిపించడం మనవాళ్లకి వేడుక. పిల్ల ఆ మాట విన్నాకే పుస్తకం దగ్గరికొస్తుంది.

ఎజ్రా జాక్ కీట్స్ 'పీటర్స్ చెయిర్' (1967) చూడండి. తన వస్తువులకి చెల్లెలి కోసం గులాబీ రంగు వేస్తున్నారని పీటర్‌కి కోపం. ఇంకా రంగు పడని చిన్న కుర్చీ పట్టుకుని బయటికెళ్లిపోతాడు. తీరా కూర్చోబోతే అందులో పట్టడు. అమ్మానాన్నలు నీతులు చెప్పరు, కుర్చీయే చెబుతుంది. చివరికి నాన్నతో కలిసి దానికి తనే రంగు వేస్తాడు. ఆ కోపమే లేకపోతే కుర్చీలో పట్టకపోవడానికి అర్థం ఏముంది? బుజ్జి కథలోనూ 14–15 తీసేస్తే పడవ, బస్సు, ఉయ్యాల పక్కన నవ్వు మిగులుతాయి. అది కథ కాదు, బారసాల శుభలేఖ.

భద్రత మాట నిజమే. పార్సిల్ ఆట కాన్పుకి ముందే జరగనివ్వండి. పెట్టెలో ఉన్నది గుడ్డబొమ్మేనని చూడగానే తెలియాలి: బొత్తాం కళ్లు, ఊడిన కుట్టు, పెట్టె బయటికి వేలాడే చెయ్యి. మూత గీయొద్దు, టేపు అసలొద్దు.

కుంచె:
మీ ఇద్దరి తగువులో సగం బొమ్మల్లోనే తేలిపోతుంది. నిజానికీ ఆటకీ గీత ఒకటేనా, వేరా? ఆంటోయినెట్ పోర్టిస్ 'నాట్ ఎ బాక్స్' (2006)లో పెట్టె, కుందేలు నల్లగీతలో ఉంటాయి, కుందేలు ఊహించుకున్నది ఎర్రగీతలో ఉంటుంది. ఏది ఆటో చెప్పడానికి ఒక్క మాట కూడా అక్కర్లేదు. మీవన్నీ నీటిరంగులే కాబట్టి ఇల్లు, చందమామ రెండూ ఒకేలా నిజంగా కనిపిస్తాయి. ఇంటిని నల్లగీత మీద పలచటి రంగుతో వేసి, ఆటని ఒకే రంగు క్రేయాన్‌తో గీయించండి. పెట్టె అంచున ఒక చిరుగు పెట్టి, పడవైనా బస్సైనా అదే చోట చూపించండి. పిల్లలు దాన్ని వెతుక్కుంటారు.

డమ్మీ (అచ్చుకి ముందు మడిచి చూసుకునే నమూనా పుస్తకం) చేశారా? ఆరు ఏ4 కాగితాలు సగానికి మడిస్తే 24 పేజీలు. "పెట్టెలో ఎవరున్నారో చెప్పుకోండి" 13వ పేజీ అడుగున ఉండాలి, జవాబు పేజీ తిప్పాకే రావాలి. పెట్టె సరిగ్గా మడత మీద పడితే బొమ్మ ముఖం పిన్నులోకి పోతుంది. మడతకి అటూ ఇటూ సెంటీమీటరు చొప్పున వదలండి.

చందమామ పేజీలు (16–17) మాటల్లేకుండా వదిలేయండి. నాలుగు రంగులు కలిసిన చీకటి మీద తెల్ల అక్షరాలు పెడితే, అచ్చులో రంగు కాస్త జరిగినా సన్నగీతలు పూడిపోతాయి, ముందు పోయేవి వత్తులే. మిగతా పేజీల్లో 20 పాయింట్ల అక్షరానికి ఒక వరుస నుంచి తర్వాతి వరుసకి (అక్షరం ఎత్తుతో కలిపి) 30 పాయింట్ల పైన ఉంచండి. లేకపోతే పై వరుస వత్తులు కింది వరుస గుడులకి తగులుతాయి.

బాలవాడి:
కుంచెగారూ, గీత మార్చగలరు గానీ చదివేవాళ్ల నోరు ఎలా మారుస్తారు? ఆ పేజీ దగ్గర నాయనమ్మ "నువ్వూ ఇలాగే చేస్తావా?" అంటే మీ క్రేయాన్ అక్కరకు రాదు.

అయినా పార్సిల్ కంటే నాకు ఎక్కువ అభ్యంతరం 22–23 పేజీల మీద. అప్పుడే పుట్టినవాడు పడవెక్కి ఆడడు. మెడ నిలబడడానికే మూడు నాలుగు నెలలు పడుతుంది. మనిషిని చూసి నవ్వడం ఆరు, ఎనిమిది వారాలకి. మొదట్లో కాస్త తేటగా కనిపించేది 20–30 సెంటీమీటర్ల దూరమే. "ఆడుకోడానికి తమ్ముడొస్తాడు" అని ఆశపెడితే, ఇంటికొచ్చింది రోజంతా నిద్రపోయే మూట అని తెలిశాక పిల్లకి కోపం రాదా?

లక్కపిడత:
ఇది మాత్రం బంగారం లాంటి మాట. బిడ్డ ఏమీ చేయనక్కర్లేని వేషాలు బోలెడున్నాయి. వాడు నిద్రపోయే రాజు, బుజ్జి చప్పుడు చేయకుండా తిరిగే కాపలావాడు. లేదా గుజ్జనగూళ్లలో వాడు చుట్టం: లక్కపిడతల్లో వండి, వడ్డించి, మర్యాద చేసి, వాడి వాటా కూడా తనే తినేయొచ్చు. వేలు అందిస్తే పట్టుకోవడం పుట్టినవాడికీ వచ్చు. 22వ పేజీకి ఆ ఒక్క పని చాలు.

పార్సిల్ వెనక్కి రావడం కూడా బుజ్జి చేతిమీదే జరగాలి. పోస్టుమాన్ తనే. "చందమామలో పాలు దొరకవట" అని 18వ పేజీలో తనే తిరిగి తెచ్చుకుంటే అమ్మ ఒక్క మాటా అననక్కర్లేదు.

పలకబలపం:
22–23 మారుస్తున్నాం, పడవలో తమ్ముడుండడు. 14–15 మీద బాలవాడిగారి ఓటు ఇంకా "తీసేయండి" అనేనా?

బాలవాడి:
అనే. ఉంచేట్టయితే వెనక అట్ట లోపల పెద్దవాళ్లకి నాలుగు వాక్యాలు వేయండి. కాన్పు ఇంకా అయిదారు నెలలుందనగా మొదలుపెట్టొద్దు, మూడేళ్ల వాళ్లకి అంత కాలం లెక్క అందదు. ఆఖరి రెండు నెలల్లో చదవండి. బిడ్డ వచ్చాక పిల్ల అడిగితే మళ్లీ తీయండి. పార్సిల్ పేజీ దగ్గర ప్రశ్నలు వేయొద్దు, నీతి చెప్పొద్దు, పేజీ తిప్పేయండి.

కుంచె:
అవి 11 పాయింట్లలో వేయండి, చదివేది పెద్దవాళ్లే కదా. నాయనమ్మలకైతే 14.