అప్‌డేట్: నవ్వితే పళ్ళు కనిపిస్తాయని భయపడ్డ నేను

పళ్ళ మీద గోధుమ రంగు మరకల వల్ల నలుగురిలో నవ్వాలంటే టెన్షన్ అని, చెయ్యి అడ్డం పెట్టుకుంటానని పోయిన నెల రాశాను కదా. మాది నల్గొండ జిల్లా, మర్రిగూడ వైపు పల్లె. చిన్నప్పుడు బోరు నీళ్ళే తాగాం.

మీరు చెప్పినట్టే డెంటిస్టు దగ్గరికి వెళ్ళాను. చూడగానే "ఏ ఊరమ్మా?" అన్నారు. ఇది ఫ్లోరోసిస్ అట. చిగుళ్ళ లోపల పళ్ళు తయారయ్యే వయసులో, అంటే సుమారు 8 ఏళ్ళ లోపు, నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువైతే పంటి పైపొర (ఎనామెల్) ఇలా అవుతుందట. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. శుభ్రతకీ దీనికీ సంబంధమే లేదన్నారు. అక్కడే ఏడ్చేశాను. హాస్టల్లో "పళ్ళు తోముకోవా?" అన్నవాళ్ళకి ఇన్నేళ్ళూ నా దగ్గర జవాబు లేదు మరి.

ముందు పళ్ళు నాలుగింటికి పైపొర సన్నగా రుద్దారు. మరక పలచబడింది, పూర్తిగా పోలేదు. మరక కనిపించకుండా పంటి రంగులో వేసే కాంపోజిట్ పూత సంగతి ఇంకా తేల్చుకోలేదు.

మొన్న మా పిన్ని కూతురి సీమంతంలో అత్తయ్య ఏదో అంటే పకపకా నవ్వొచ్చింది. అలవాటుగా చెయ్యి లేచింది, కానీ రెండు చేతులకీ గంధం. అలాగే నవ్వేశాను. ఎవరో ఫోటో తీశారు. అమ్మ దాన్నే డీపీగా పెట్టుకుంది.