గురవేనా, గురువేనా? జార్జ్ హారిసన్ పాటలో మన శ్లోకం

పాతపాటలవాడు:
సభ్యులకు నమస్కారం. ‘బీటిల్స్’ రాక్ బృందంలో గిటారు వాయించిన జార్జ్ హారిసన్ 1970లో విడుదల చేసిన ‘మై స్వీట్ లార్డ్’ వినే ఉంటారు. వెనక పాడే గొంతులు ‘హల్లెలూయా’తో మొదలై, ఎప్పుడు మారాయో తెలియకుండానే ‘హరే కృష్ణ’లోకి వెళతాయి. అక్కడి నుంచి మన బళ్లలో చదివించే ‘గురుర్బ్రహ్మా’ అనే గురు శ్లోకం అందుకుంటాయి. ఆ పాట సాహిత్యం కోసం నెట్‌లో వెతికితే ఒకచోట ‘గురుర్ సాక్షాత్’ అని, మరొకచోట ‘గురు సాక్షాత్’ అని, చివర ‘గురువే నమః’ అని ఉంది. మా అబ్బాయి బడి డైరీలోనూ ‘గురువే’ అనే అచ్చు వేశారు. ఇందులో ఏది సరైనది?

వ్యాకరణం టీచరు:
‘గురవే’ సరైనది. గురు శబ్దం ఉకారాంత పుంలింగం, దాని చతుర్థీ ఏకవచనం, అంటే ‘గురువుకు’ అనే రూపం, గురవే. శంభవే, భానవే, విష్ణవే అన్నీ ఇదే అచ్చులో పోసినవి. ఆచమనంలో ‘విష్ణవే నమః’ అనేవారు ఒక్కరూ ‘విష్ణువే నమః’ అనరు. కేశవ నామాలు పెద్దల నోటి నుంచి కంఠతా వస్తాయి కాబట్టి అవి చెడలేదు. గురు శ్లోకమేమో పుస్తకం అట్టమీద నుంచి, గోడమీది రాత నుంచి వచ్చింది. పైగా ‘గురువే చెప్పాడు’ అన్నప్పటి తెలుగు ‘గురువే’ నాలుకమీద సిద్ధంగా ఉంటుంది. సంస్కృత విభక్తి తెలియకపోతే నాలుక ఆ దారే పడుతుంది.

ఇక ‘గురుర్ సాక్షాత్’. విసర్గ రేఫగా, అంటే రకారంగా, మారాలంటే దాని ముందు అ, ఆ కాని అచ్చు, దాని తర్వాత అచ్చో నాదాక్షరమో (గొంతు నాదంతో పలికే హల్లో) ఉండాలి. బ్రహ్మలో బకారం, విష్ణులో వకారం, దేవలో దకారం నాదాక్షరాలే. అందుకే గురుర్బ్రహ్మా, గురుర్విష్ణుః, గురుర్దేవః. సకారం శ్వాసాక్షరం, నాదం లేకుండా ఊపిరితో పలికేది, దాని ముందు రేఫ రాదు. మూడుసార్లు ‘గురుర్’ అన్న ఊపులో నాలుగోసారీ అనేస్తాం, అంతే. ‘గురు సాక్షాత్’ అంటే విభక్తి ప్రత్యయమే పోయింది, అదీ కుదరదు.

ఎవరూ అడగలేదు గానీ ఒక మాట. మొదటి పాదంలో ఉన్నది సృష్టికర్త, పుంలింగం, కాబట్టి ‘బ్రహ్మా’ అని దీర్ఘం. మూడో పాదంలో ఉన్నది పరతత్త్వం, నపుంసకం, కాబట్టి ‘బ్రహ్మ’ అని హ్రస్వం. తెలుగులో రెండింటినీ ఒకేలా పలికి ఆ తేడాను చెరిపేశాం.

ఛందోప్రియ:
టీచరుగారూ, ఇది పాదానికి ఎనిమిదక్షరాల అనుష్టుప్పు కదా, ఛందస్సుతో తప్పు పట్టుకోవచ్చేమోనని లెక్క వేసి చూశాను. ‘తస్మై శ్రీ గురవే నమః’లో అయిదో అక్షరం ‘ర’ లఘువు (పొట్టి అక్షరం), ఆరోది ‘వే’ గురువు (పొడుగు అక్షరం), ఏడోది ‘న’ లఘువు. సరిపోయింది. ‘గురువే’ అన్నా ‘రు’ లఘువే కాబట్టి అదీ సరిపోతుంది! ఛందస్సు ఇక్కడ కాపలా కాయలేదు. ‘పరబ్రహ్మ’, ‘పరం బ్రహ్మ’ అన్న రెండు పాఠాలకూ ఇదే సంగతి. ‘బ్ర’ సంయుక్తాక్షరం కాబట్టి దాని ముందున్న ‘ర’ ఎటూ గురువే. రెండూ నిలుస్తాయి.

ఊరికే చూసేవాడు:
ఇంత చర్చ ఎందుకండీ? ఇంగ్లండు రాక్ గాయకుడికి విసర్గ సంధి ఏం తెలుస్తుంది? ఫ్యాషన్‌కు ఒక శ్లోకం తగిలించాడు. ఆ రోజుల్లో సితారు, అగరుబత్తి, రుద్రాక్షమాల అన్నీ అలాగే అమ్ముడయ్యాయి.

రాగమాలిక:
ఫ్యాషన్ అన్నమాట ఆ కాలానికి చాలావరకు వర్తిస్తుంది, ఈ మనిషికి వర్తించదు. లివర్‌పూల్ బస్సు కండక్టరు కొడుకు, 1943లో పుట్టాడు. బీటిల్స్‌లో అందరికన్నా చిన్నవాడు. పాటలన్నీ దాదాపు లెనన్, మెకార్ట్నీలవే అయిన గుంపులో తన పాటకు చోటు దొరకడమే కష్టం. 1965లో ‘నార్వీజియన్ వుడ్’ పాటలో సితారు పట్టుకున్నప్పుడు దాన్ని ఫ్యాషన్ అంటే నేనూ ఒప్పుకుంటాను. కానీ మరుసటి ఏడాదే బొంబాయి వచ్చి రవిశంకర్ దగ్గర శిష్యుడిగా కూర్చున్నాడు. 1969లో లండన్ రాధాకృష్ణ మందిరం భక్తులు పాడిన హరే కృష్ణ మంత్రాన్ని తానే నిర్మించి రికార్డుగా తెచ్చాడు. 1973లో లండన్ శివార్లలో పెద్ద భవంతి కొని ఆ భక్తులకిచ్చాడు. 1990లలో కూడా రవిశంకర్ వేదమంత్రాల ఆల్బమ్‌కు నిర్మాతగా ఉన్నాడు, అందులో కొంత రికార్డింగు మద్రాసులోనే జరిగింది. ఫ్యాషన్ ముప్ఫై ఏళ్లు నిలవదు.

ఇక్కడ భాషవాళ్లకు పనికొచ్చే సంగతి అతని పాటలు కట్టే తీరు. ఎక్కడో దొరికిన వాక్యం పట్టుకుని దాని చుట్టూ పాట కడతాడు. ఒకసారి తల్లిదండ్రుల ఇంట్లో ఏదో పుస్తకం తెరిచి, మొదట కంటపడిన మాటతో పాట రాయాలనుకున్నాడు. కంటపడింది ‘మెల్లగా ఏడుస్తుంది’ అన్న అర్థం వచ్చే మాట. 1968 నాటి ‘వైల్ మై గిటార్ జెంట్లీ వీప్స్’ అలా పుట్టింది. అదే ఏడాది వచ్చిన ‘ది ఇన్నర్ లైట్’ చైనావారి ప్రాచీన గ్రంథం తావో తే చింగ్‌లో 47వ అధ్యాయం. దాన్ని పాటగా కట్టమని సూచించింది కేంబ్రిడ్జిలో సంస్కృతం చెప్పే హువాన్ మస్కరో. వాద్యభాగం బొంబాయి స్టూడియోలో మన కళాకారులతో రికార్డయింది.

గురు శ్లోకం కూడా ఆ వరుసలోనిదే. ‘మై స్వీట్ లార్డ్’ 1969 డిసెంబరులో కోపెన్‌హాగెన్‌లో మొదలైంది. ‘ఓ హ్యాపీ డే’ అనే క్రైస్తవ భక్తిగీతం విన్న ప్రభావం దానిమీద ఉంది. హల్లెలూయా, హరే కృష్ణ రెండూ ఒకే పిలుపు అని చూపడమే తన ఉద్దేశమని తర్వాత రాశాడు. అందుకు శ్లోకం అవసరం లేదు, మంత్రం చాలు. మరి శ్లోకమెందుకు? నాకు తోచినంతలో, పాట పొడుగునా ‘నిన్ను చూడాలి’ అని అడిగినవాడికి దారి చూపేవాడు ఒకడు కావాలి. ఆ చోటు గురువుది. అంతకన్నా పెద్ద ఆధారం నా దగ్గర లేదు.

ఇంకొకటి. ఆ వెనక గొంతుల పేరు ఆల్బమ్ మీద ‘జార్జ్ ఓహారా-స్మిత్ సింగర్స్’ అని ఉంటుంది. పెద్ద బృందం అనుకుంటాం. చాలావరకు అది హారిసన్ గొంతే, ఒకదానిమీద ఒకటి పేర్చినది. ఉచ్చారణలో నిందేమన్నా ఉంటే ఎక్కువ భాగం అతని మీదికే వస్తుంది!

పాతపాటలవాడు:
రాగమాలికగారూ, ఈ పాట మీదే కదా కాపీ కేసు వేసింది? శ్లోకం కాపీ అని ఎవరూ అనలేదు గానీ.

రాగమాలిక:
అదే అసలు తమాషా. ఎవరి సొత్తూ కాని శ్లోకాన్ని బహిరంగంగా తీసుకున్నాడు, చిక్కు రాలేదు. తెలియకుండా తీసుకున్న బాణీ అతన్ని కోర్టుకెక్కించింది. షిఫాన్స్ అనే అమెరికా బృందం పాడగా 1963లో బాగా పేరొచ్చిన ‘హీ ఈజ్ సో ఫైన్’ బాణీ ఇదేనని దాని హక్కుదారులు దావా వేశారు. న్యాయమూర్తి రిచర్డ్ ఓవెన్ స్వయంగా ఒపేరాలు రాసిన స్వరకర్త. రెండు స్వరగుచ్ఛాల మీద వాదన నడిచింది. వాటిని మన స్వరాల్లోకి మారిస్తే మొదటిది ప-గ-రి, రెండోది ప-ద-స-ద-స. అన్నీ మోహన రాగ స్వరాలే. సరళీ స్వరాలు దాటి మోహనంలో మొదటి గీతం పాడుకునే పిల్లల నోట్లో రోజూ తిరిగేవే. అయితే ఆ రెండు గుచ్ఛాలు అదే వరుసలో, అన్నేసిసార్లు తిరిగి వచ్చాయన్నది తీర్పులో కీలకం. రెండో గుచ్ఛంలో ఒకచోట వచ్చే చిన్న గమకం లాంటి స్వరం కూడా కలిసింది. ‘కావాలని కాదు, ఉపచేతనలో ఉన్నది బయటికొచ్చింది’ అని 1976లో తేల్చారు. తర్వాత హారిసన్ పాత మేనేజరు అలెన్ క్లయిన్ ఆ పాత పాట హక్కులు తానే కొని ఎదుటి పక్షం చేరాడు. అది న్యాయం కాదని 1981లో కోర్టు అతను కొన్న ధరకే, 5,87,000 డాలర్లకే, హారిసన్‌కు అప్పగించమంది. ఆ గొడవ అంతటితోనూ ఆగలేదు, చదివితే విసుగొస్తుంది.

ఊరికే చూసేవాడు:
సరే, ఫ్యాషన్ అన్నమాట వెనక్కి తీసుకోను, కొంచెం తగ్గిస్తాను. టీచరుగారూ, టైపు చేసేటప్పుడు ‘గురుస్సాక్షాత్’ అనాలా, ‘గురుః సాక్షాత్’ అనాలా?

వ్యాకరణం టీచరు:
రెండూ శుద్ధమే. సకారం ముందు విసర్గ అలాగే ఉండవచ్చు, సకారంగా మారనూ వచ్చు. తెలుగు అచ్చులో మొదటిదే ఎక్కువ. పూర్తి పాఠం ఇదిగో, డైరీలు అచ్చువేసేవారికి ఎవరైనా పంపండి:

గురుర్బ్రహ్మా గురుర్విష్ణుర్గురుర్దేవో మహేశ్వరః
గురుస్సాక్షాత్ పరం బ్రహ్మ తస్మై శ్రీ గురవే నమః