సస్టైనబిలిటీలో మైనర్: మెకానికల్, బీకాం వాళ్లకు పనికొస్తుందా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. నేను బీటెక్ మెకానికల్ రెండో ఏడాది. వచ్చే సెమిస్టర్ నుంచి సస్టైనబిలిటీలో (పర్యావరణం, వనరులు దెబ్బతినకుండా పనిచేసే పద్ధతులు) మైనర్, అంటే మెయిన్ సబ్జెక్టుతో పాటు చదివే రెండో సబ్జెక్టు, తీసుకోవచ్చని మా కాలేజీలో చెప్పారు. నాకు ఇష్టమే, కానీ ఇంట్లో "ఏఐ తీసుకో, ఇదెందుకు?" అంటున్నారు. మా చెల్లి బీకాం, తనదీ ఇదే సందేహం. భారం ఎంత? ఉద్యోగానికి పనికొస్తుందా?

మొదటి జవాబు:
భారం విషయంలో మీకూ మీ చెల్లికీ లెక్క వేరండి. సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ ప్రకారం బీటెక్‌లో మైనర్‌కి 18 నుంచి 20 క్రెడిట్లు అదనం. బ్యాక్‌లాగ్స్ ఉంటే ముందు అవి చూసుకోండి. మామూలు డిగ్రీకి యూజీసీ పెట్టిన పద్ధతిలో మైనర్ డిగ్రీలో భాగమే: మూడేళ్లకు 24 క్రెడిట్లు, నాలుగేళ్లకు 32. కాలేజీ ఇచ్చే జాబితాలో ఇది ఉందో లేదో చెల్లిని కనుక్కోమనండి.

రెండో జవాబు:
తమ్ముడూ, నేను చేసేది సస్టైనబిలిటీ రిపోర్టింగే. ఇష్టం ఉంది కదా, ధైర్యంగా తీసుకో. ఇక్కడ రోజూ ఉండేది లెక్కల పని. మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి బీఆర్‌ఎస్‌ఆర్ (వ్యాపార బాధ్యత, సస్టైనబిలిటీ) నివేదిక ఇవ్వాల్సిందేనని షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ రూలు పెట్టింది. కరెంటు ఎంత వాడారు, నీళ్లు ఎన్ని తోడారు, చెత్త ఎక్కడికి పంపారు, అన్నీ అందులో చూపాలి. బిల్లులు, ఓచర్లు చదవడం వచ్చిన బీకాం పిల్లలు ఈ పని చకచకా పట్టేస్తారు, మీ చెల్లికి తప్పకుండా చెప్పు.

నీకు ఇంకో దారి ఉంది. ఉక్కు, అల్యూమినియం యూరప్‌కు ఎగుమతి చేస్తే, తయారీలో ఎంత కార్బన్ వెలువడిందో చూపాలి. యూరప్ సరిహద్దు దగ్గర అడిగే ఈ కార్బన్ లెక్కనే సీబ్యామ్ అంటారు. 2026 జనవరి నుంచి ఆ కార్బన్‌కు వెల కట్టే దశ వచ్చేసింది. ఫర్నేస్ గురించి తెలిసిన ఇంజనీరు లేకుండా ఆ లెక్క తేలదు. ఇంట్లో ఈ మాట చెప్పు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అన్నా. ప్రాజెక్టుకి ఏం చేయమంటారు?

రెండో జవాబు ఇచ్చినవారు:
మీ హాస్టల్‌నే తీసుకో. ఏడాది కరెంటు బిల్లులు, జనరేటర్ డీజిల్ రసీదులు వార్డెన్‌ని అడుగు. మన గ్రిడ్ కరెంటుకు యూనిట్‌కి సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, డీజిల్‌కి లీటరుకు దాదాపు 2.7 కిలోలు. నెలకు 20,000 యూనిట్లు కాలిస్తే కరెంటు ఒక్కదానికే 14 టన్నులు! కార్బన్ లెక్కలో మూడు పద్దులుంటాయి: మీ దగ్గరే కాల్చే డీజిల్, మెస్ గ్యాస్ స్కోప్ 1 కింద, బయట తయారై మీరు కొనే కరెంటు స్కోప్ 2 కింద రాయి. మెస్‌కి వచ్చే బియ్యం, కూరగాయల్లాంటి బయటివాళ్లు తయారుచేసినవాటి కార్బన్ స్కోప్ 3. ఇది తేల్చడమే కష్టం, పని నేర్చుకునేదీ దీనితోనే. ఇంటర్వ్యూకి ఆ షీట్ పట్టుకెళ్లు.

ఇంకోటి, ఫీజు కట్టకముందే సిలబస్ అడుగు. లైఫ్ సైకిల్ అసెస్‌మెంట్ (వస్తువు తయారీ నుంచి పారేసేదాకా పర్యావరణంపై ప్రభావం లెక్కించడం), ఎనర్జీ ఆడిట్ (కరెంటు, ఇంధనం ఎక్కడ వృథా అవుతున్నాయో చూడటం) ఉంటే చేరు. చదివిన ఈవీఎస్‌నే (పర్యావరణ పాఠాలనే) మళ్లీ తిప్పి చెప్పేట్టుంటే వద్దు, ఆ టైమ్‌లో ఐఐటీలు ఆన్‌లైన్‌లో చెప్పే ఒక మంచి ఎన్‌పీటెల్ కోర్సు చెయ్యి. ఆ క్రెడిట్లు కలుపుతారో లేదో అకడమిక్ సెక్షన్‌లో ముందే అడిగి, రాతపూర్వకంగా తీసుకో.