సమస్య: కొట్టువాని కిత్తు కోటి నతులు

నిర్వాహకుడు: ఆదివారం మా వీధిలో సోఫాలు శుభ్రం చేసే కుర్రాడు, మెషీన్ మొరాయిస్తే ఇంటికెళ్ళి వాళ్ళ నాన్న నాటి, పేముతో అల్లిన బెత్తం పట్టుకొచ్చాడు. సోఫా మీద తడిగుడ్డ పరిచి దాని మీద కొట్టడం మొదలెట్టాడు. దుమ్ము మొహాన లేవలేదు, అంతా గుడ్డకే పట్టింది. గుడ్డ తీసి చూపిస్తే బెత్తం అల్లిక అచ్చు నల్లగా దిగి ఉంది. అప్పుడు తట్టిన పాదం ఇది (నతులంటే నమస్కారాలు). దీన్ని చివరి పాదంగా పెట్టి పద్యం పూరించండి. తలుపులు, టెంకాయలు కొట్టే పూరణలు వద్దు. తివాచీయో సోఫాయో శుభ్రం చేసే పాత పనిముట్టు ఉండాలి.

రామచిలుక:
దండెమీద వేసి దర్బారు కంబళి
బెత్తమెత్తి పెళ్ళుపెళ్ళుమనగ
నేండ్లనుండి లోన నిల్లు కట్టిన దుమ్ము
కొట్టువాని కిత్తు కోటి నతులు.

గణపరీక్ష: దుమ్ము ఇల్లు కట్టడం బాగుంది. కానీ చిలుక గారూ, 'దుమ్ము కొట్టువాడు' అనగానే కళ్ళలో కొట్టేవాడే గుర్తొస్తాడు. పోయిన నెల చీపురు సమస్యలో మీరు కలవని లకూ నకూ యతి వేసి మా కళ్ళలో కొట్టినట్టు.

రామచిలుక: ఆ చీపురు ఇంకా వదల్లేదా మీరు? ఆ రాత్రే దిద్దాను కదండీ.

గణపరీక్ష: దిద్దాక గణం పోయింది.

పాతచీపురు: పద్యం సరే, పని తప్పు. తివాచీని తిరగేసి వెనకవైపు కొట్టాలి. ముందువైపు బాదితే ఇసుక దారాల మొదట్లోకి ఇంకా దిగి, మీద నడిచినప్పుడల్లా వాటిని కోస్తుంది. చిలుక గారి పద్యంలో తిరగెయ్యడం ఎక్కడ? ఇక నాది:

పెట్టె విప్పి గాజు పింగాణి సర్దుచో
రంపపొట్టు పడగ రాట్నములకు
బ్రష్షు గుచ్చినట్టి బండి చేసినయట్టి
కొట్టువాని కిత్తు కోటి నతులు.

కొట్టు అంటే ఇక్కడ అంగడి! అమెరికాలో గ్రాండ్ రాపిడ్స్‌లో పింగాణీ కొట్టు నడుపుకునే మెల్విల్ బిస్సెల్, తివాచీలో ఇరుక్కున్న పొట్టుతో పడలేక 1876లో చేత్తో నెట్టే స్వీపర్ తయారుచేశాడు. నెడితే చక్రం, చక్రంతో బ్రష్షు తిరుగుతాయి, చెత్త లోపలి పెట్టెలో పడుతుంది. కరెంటుతో పనే లేదు.

గణపరీక్ష: అబ్బ, దెబ్బ వేయకుండా కొట్టారు! నాకిది తట్టలేదని ఒప్పుకుంటున్నా. కానీ 'గుచ్చినట్టి', 'చేసినయట్టి'... ఒక్క పాదంలో రెండు అట్లు, ఇదేమన్నా టిఫిన్ సెంటరా?

రామచిలుక: అట్లు పోనీండి, ఆ కొట్టు ఆయనొక్కడిదే కాదు, ఆవిడదీను. 1889లో ఆయన పోయాక కంపెనీ నడిపింది భార్య అన్నా బిస్సెల్. కోటి నతులూ 'వాని'కేనా?

పాతచీపురు: 'వాని' నేను పెట్టానా? నిర్వాహకుణ్ణి అడగండి.

ఏలూరోడు: నేను 'తేట నీరు పోసి తివాచిని రుద్ది' దగ్గరే ఆగిపోయాను. తివాచీల ఊళ్ళో పుట్టి ఆ మాటనే పద్యంలో ఇరికించలేకపోతున్నా.

గణపరీక్ష: నాలుగో గణం అలా ఎత్తుకుంటే ఎలా ఇముడుతుంది? 'తిప్పి కంబళి రుద్ది' అనండి, సాఫీగా పోతుంది.

ఏలూరోడు: ఏలూరు తివాచీని కంబళి అన్నానని తెలిస్తే మా వీధివాళ్ళు నన్నే దండెం మీద వేస్తారు.

రామచిలుక: తిరగేసి వెయ్యమనండి. వెనకవైపే కొట్టాలట.