టవర్ నుంచి ఇంటికి నెట్: 599కి కంపెనీకి ఎలా గిడుతుంది?

ఉద్దానం కేబుల్:
అందరికీ నమస్కారం. మాది కవిటి మండలం. పద్నాలుగేళ్లుగా కేబుల్ నడుపుతున్నాను, ఆరేళ్లుగా ఫైబర్ నెట్ కూడా ఇస్తున్నాను. మొత్తం 340 కనెక్షన్లు. మా వైపు ఇళ్లు వరసగా ఉండవు, కొబ్బరి తోటల్లో ఇక్కడొకటి అక్కడొకటి. ఒక్క ఇంటి కోసం 400 మీటర్ల వైరు లాగిన రోజులున్నాయి. గాలికి మట్ట పడుతుంది, వైరు తెగుతుంది, ఇంట్లో డబ్బా మీద ఎర్ర లైటు వెలుగుతుంది, నాకు ఫోనొస్తుంది. నిన్న రాత్రి తొమ్మిదింటికి కూడా నేనూ మా కుర్రాడూ టార్చి పట్టుకుని అతుకు వేసి వచ్చాం. 2018లో తిత్లీ తుఫానుకి స్తంభాలతోపాటు నా వైర్లన్నీ పోయాయి. ఆ అప్పు తీరడానికి మూడేళ్లు పట్టింది.

ఇప్పుడో టెలికం కంపెనీ మనిషి వచ్చాడు. డాబా మీద రిసీవర్ బిగిస్తే చాలు, టవర్ నుంచే నెట్ వస్తుంది, బిగించే పని నువ్వు చెయ్యి, ఇంటికింత కమీషన్ అంటున్నాడు. ప్లాన్ నెలకు 599, జీఎస్టీతో 707. ఇంత తక్కువకి ఎలా ఇస్తారు? రెండేళ్లకి వదిలేసి పోతే ఊళ్లో నేను ముఖం ఎలా చూపించాలి?

విజయనగరం టవర్:
అన్నా, నేను రేడియో ప్లానింగ్‌లో, అంటే ఏ టవర్ సిగ్నల్ ఎంత దూరం, ఎంతమందికి అందాలో లెక్కేసే పనిలో ఉన్నాను. మీ అనుమానంలో న్యాయం ఉంది. ఉదాహరణకి లెక్క వేద్దాం. ఫోను వాడే మనిషి నెలకు 25 జీబీ వాడి 200 రూపాయలు ఇస్తాడనుకోండి, జీబీకి 8 రూపాయలు. అదే ఒక ఇల్లు 300 జీబీ లాగి 599 ఇస్తే, జీబీకి 2 రూపాయలే. ఆ ధరకి కొత్త టవర్ కట్టి నెట్ అమ్మితే ఎవరికీ గిట్టదు.

మరి ఎందుకు అమ్ముతున్నారంటే, సరుకు ఇప్పటికే ఉంది కాబట్టి. 2022 వేలంలో 5జీ స్పెక్ట్రమ్, అంటే సిగ్నల్ పంపే తరంగాలు వాడుకునే హక్కు, కొన్నారు, టవర్ల మీద యాంటెన్నాలు పెట్టారు. పల్లెల్లో 5జీ ఫోన్లు ఇంకా తక్కువ. ఆ ఖాళీని ఇళ్లకి అమ్మితే వచ్చినదాంట్లో చాలావరకు మిగులే. అమెరికాలో టీ-మొబైల్ ఇదే పద్ధతిలో, ఖాళీ ఉన్న చోటే కనెక్షన్లు ఇస్తూ పెరిగింది.

చిక్కు సాయంత్రం ఎనిమిది నుంచి పదింటి మధ్య. నెలకు 300 జీబీ అంటే రోజుకు 10. అందులో ఒక జీబీ ఆ రద్దీ గంటలో వాడినా ఇంటికి సగటున 2 ఎంబీపీఎస్ పైన కావాలి. ఒకే సెక్టర్ మీద, అంటే టవర్‌కి ఒక వైపు చూసే యాంటెన్నా కింద, వంద ఇళ్లుంటే 220 ఎంబీపీఎస్. పైగా సంక్రాంతికి హైదరాబాద్, ముంబయి నుంచి మీ వాళ్లంతా దిగుతారు, ఫోన్లన్నీ అదే టవర్ మీద పడతాయి. అందుకే ఒక్కటే అడగండి: మా సెక్టర్‌కి ఎన్ని ఇళ్ల దగ్గర ఆపుతారు? ఆ సంఖ్య చెప్పలేని కంపెనీతో సంతకం పెట్టొద్దు.

బొబ్బిలి ఫిట్టింగ్స్:
నేను బిగిస్తాను కాబట్టి చెబుతున్నా. టవర్ కనిపించాలి. ఈ 5జీ సిగ్నల్‌ని పచ్చని కొబ్బరాకు బాగా తినేస్తుంది, వాన పడి ఆకు తడిస్తే మరీను. పోయినేడు ఒక డాబా మీద మొదట 90 ఎంబీపీఎస్ స్పీడు వచ్చింది. రెండడుగులు పక్కకి జరిగితే 35, మధ్యలో ఒకే చెట్టు. తిత్లీ తరవాత మీరు నాటిన మొక్కలు ఇప్పుడు డాబా ఎత్తుకి వచ్చి ఉంటాయి కదా, ఈ రోజు కనిపించే టవర్ మూడేళ్లకి కనిపించకపోవచ్చు. రిసీవర్ బిగించే పైపు రెండు మీటర్లు ఎత్తుగానే వెయ్యండి. కరెంటు పోతే ఇంట్లో రూటర్ కూడా ఆగిపోతుంది, చిన్న యూపీఎస్ పెట్టించండి.

ఉద్దానం కేబుల్:
తమ్ముళ్లిద్దరికీ చాలా థాంక్స్. ఆదివారం ఫోను పట్టుకుని 11 తోట ఇళ్ల డాబాలు ఎక్కాను. ఏడింట్లో సిగ్నల్ బాగుంది, నాలుగింట్లో చెట్లు అడ్డం. నా వైరు తరచూ తెగేది ఆ ఏడింట్లో అయిదింటికే. ఆ అయిదింటికీ ఇదే ఇప్పిస్తాను. ఊరి మధ్యలో ఉన్న ఇళ్లకి మాత్రం ఫైబర్ తియ్యను, అక్కడ వంద ఇళ్లు ఒకేసారి సినిమా పెట్టినా నా వైరు తట్టుకుంటుంది. కంపెనీ మనిషిని ఇళ్ల సంఖ్య అడిగాను. పైవాళ్లని కనుక్కుని చెబుతానన్నాడు. కాగితం నా దగ్గరే ఉంది, ఇంకా సంతకం పెట్టలేదు.