నాన్నగారితో కలిసి పాత మహీంద్రా పికప్‌ను విడిభాగాలతో తిరిగి కట్టాలంటే ముందు ఏ పని చేపట్టాలి?

ప్రశ్న (దివిసీమ నుంచి)

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి ఒక పాత మహీంద్రా పికప్ ఉంది. దానిలో ఉన్నది 2112 సీసీ ప్యూజో డీజిల్ ఇంజను, నాలుగు గేర్ల బాక్సు. ఈ బండి మీదే ఆయన లంకల నుంచి అరటి గెలలు, పసుపు, తిరుగు దారిలో ఎరువుల బస్తాలు తోలి మా అక్కనూ నన్నూ చదివించారు. కిరాయిలు తగ్గాక బండి పాకలోకి చేరింది. మాది సముద్రానికి దగ్గరి ఊరు కావడం వల్ల ఉప్పుగాలికి క్యాబిన్ నేల, తలుపుల అడుగు పూర్తిగా తుప్పు పట్టిపోయాయి. ఇంజను పట్టేసింది. సెల్ఫు, డైనమో ఎప్పుడో తీసి ఎవరికో ఇచ్చేశాం.

ఇటీవల అదే మోడల్ పికప్ ఒకటి ప్రమాదంలో దెబ్బతిని గన్నవరం దగ్గర అమ్మకానికి వచ్చిందని మా బాబాయి చెబితే, కాగితాలతో సహా కొన్నాం. దాని ఛాసిస్ ముందు భాగం వంగిపోయింది గానీ ఇంజను తిరుగుతోంది. గేరుబాక్సు, వెనక హౌసింగ్ (వెనక చక్రాలను తిప్పే గేర్ల పెట్టె), తొట్టి బాగున్నాయి. రెండింటినీ కలిపి ఒక బండిగా నిలబెట్టాలని నాన్నగారి కోరిక. కూతురిగా ఆయన పక్కన నిలబడి ఆ పని చేయాలని నా కోరిక. నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ పాఠాలు చెబుతాను కనుక కొలతలు, డ్రాయింగులు నాకు అలవాటే. చేతి పని అంతా ఆయనకు తెలుసు.

కొన్న బండి ఇంజనును యథాతథంగా మా బండిలోకి దించి, ముందు స్టార్టు చేసి, మిగతా పని ఆ తర్వాత చూసుకుందామని ఆయన అంటున్నారు. ఛాసిస్ సంగతి తేలకుండా ఇంజను జోలికి వెళ్లకూడదని నాకు అనిపిస్తోంది. ఇద్దరిలో ఎవరి మాట సరైనది? ఇంట్లో చేయగలిగిన పనులేవి, లేతుకు పంపవలసినవేవి? ఇంజను మారిస్తే రవాణా శాఖ వద్ద ఏం చేయాలి? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు (విజయవాడ ఆటోనగర్‌లో ఇంజను పని చేసేవారు)

అమ్మా, ఛాసిస్ విషయంలో మీ మాటే సరైనది. ఇంజను, గేరుబాక్సు, కమాన్లు (స్ప్రింగు పట్టీలు), స్టీరింగ్ బాక్సు, క్యాబిన్ అన్నీ దానికే వేలాడతాయి కనుక, అది మెలి తిరిగి ఉంటే పైన ఎంత మంచి పని చేసినా బండి ఒక పక్కకు లాగుతుంది, టైర్లు అరిగిపోతాయి. కొలవడం కష్టమేమీ కాదు. సమంగా ఉన్న గచ్చు మీద ఛాసిస్‌ను నాలుగు స్టాండ్ల మీద నిలబెట్టి, ఇరువైపులా కమాను కట్టలు తగిలించే బ్రాకెట్ల నుంచి గుండు కట్టిన దారం వదిలి, అది తాకిన చోటల్లా సుద్దముక్కతో గుర్తు పెట్టండి. తరువాత ఎడమ ముందు గుర్తు నుంచి కుడి వెనక గుర్తుకు, కుడి ముందు నుంచి ఎడమ వెనకకు టేపుతో కొలవండి. ఈ రెండు ఐమూలల కొలతలు సమానంగా రావాలి. నాలుగైదు మిల్లీమీటర్లకు మించి తేడా ఉంటే ఛాసిస్‌ను వంపు సరిచేసే ప్రెస్సు ఉన్న చోటికి పంపవలసిందే. ఆ తర్వాత చిన్న సుత్తితో పొడవునా తట్టుకుంటూ వెళ్లండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్న చోట మొద్దు శబ్దం వస్తుంది. వెనక కమాన్ల బ్రాకెట్ల దగ్గర బురద చేరి తడి ఆరదు కనుక అక్కడ మరింత శ్రద్ధగా చూడండి.

ఇక ఇంజను. మీ నాన్నగారి ఆలోచనను పూర్తిగా కొట్టిపారేయకుండానే ఒక మార్పు సూచిస్తాను. ఇంజను నంబరు ఉండేది బ్లాకు మీద, అంటే సిలిండర్లు ఉండే ప్రధాన దిమ్మ మీద. ఆర్‌సీలో రాసి ఉన్నదీ ఆ నంబరే. కాబట్టి మీ పాత బ్లాకును, మీ పాత ఛాసిస్‌ను ఉంచుకుని, కొన్న ఇంజను నుంచి హెడ్డు, క్రాంకు, డీజిల్ పంపు, సెల్ఫు వంటివి తెచ్చి దానిలో వేయడం ఎక్కువ తెలివైన పని. అప్పుడు బండి కాగితాల ప్రకారం కూడా మీ నాన్నగారి బండిగానే మిగులుతుంది. అయితే ఒక జాగ్రత్త తప్పనిసరి. క్రాంకును ఒక బ్లాకు నుంచి మరో బ్లాకుకు మార్చవచ్చు గానీ, దాన్ని బ్లాకుకు పట్టి ఉంచే మెయిన్ బేరింగ్ క్యాపులను మాత్రం మార్చకూడదు. అవి ఏ బ్లాకుకు బిగించి బోరు చేశారో ఆ బ్లాకుకే, అందులోనూ ఏ స్థానానిదైతే ఆ స్థానానికే సరిపోతాయి. విప్పేటప్పుడే క్యాపు మీదా, దాని పక్కనే బ్లాకు మీదా పంచ్‌తో ఒకే గుర్తు కొట్టుకోండి.

పట్టేసిన ఇంజను అంతా చచ్చిన ఇంజను కాదు. మూలపడిన బండ్లలో ఎక్కువగా పిస్టన్ రింగులు బోరుకు (సిలిండరు లోపలి గోడకు) తుప్పుతో అంటుకుని ఉంటాయి. నాజిళ్లు (డీజిల్ చిమ్మే మొనలు) తీసేసి, డీజిల్‌లో కొంచెం ఇంజనాయిలు కలిపి ప్రతి సిలిండరులోనూ పోసి, కొన్ని రోజులు నాననివ్వండి. తరువాత ఫ్లైవీలు పళ్లకు కడ్డీ ఆనించి, అటు కొంచెం, ఇటు కొంచెం కదపండి. పల్లెల్లో కొందరు ఇటువంటి బండిని గేరులో పెట్టి ట్రాక్టరుతో లాగిస్తారు. దయచేసి ఎవరు చెప్పినా ఆ పని చేయనివ్వకండి. కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది, అదృష్టం బాగాలేకపోతే బ్లాకే పగులుతుంది, అప్పుడు మనం కాపాడుకోదలచిన నంబరే పోతుంది.

ఈ ఇంజనును మెకానిక్కులు 4.90 అని ఎందుకు అంటారో మీ విద్యార్థులకు కూడా చెప్పవచ్చు: నాలుగు సిలిండర్లు, ఒక్కొక్క బోరు 90 మిల్లీమీటర్లు. స్ట్రోకు 83 మిల్లీమీటర్లు, లెక్క కడితే 2112 సీసీ సరిగ్గా వస్తుంది. డీజిల్ నేరుగా పిస్టన్ మీద కాకుండా హెడ్డులోని చిన్న గదిలో మండడం మొదలవుతుంది కనుక చలి పొద్దున హీటర్ ప్లగ్గులు పనిచేయకపోతే స్టార్టు కావడానికి మొరాయిస్తుంది. చాలామంది ఆ దోషాన్ని పంపుకు అంటగట్టి అనవసరంగా ఖర్చు పెడతారు. నాలుగు ప్లగ్గులనూ విడివిడిగా బ్యాటరీకి తగిలించి ఎర్రబడుతున్నాయో లేదో ముందు చూడండి.

లేతుకు రావలసినవి ఇవి: క్రాంకు గ్రైండింగ్, బోరు పని, హెడ్డు ఫేసింగ్, వాల్వు సీట్లు. పంపు, నాజిళ్లు కాలిబ్రేషన్ బెంచి ఉన్న దుకాణానికి వెళ్లాలి. క్రాంకు అరుగుదలను మైక్రోమీటరుతో ఒకే జర్నలు (బేరింగులో తిరిగే గుండ్రటి భాగం) మీద రెండు దిక్కుల్లో కొలిస్తే అరిగిన తీరు తెలుస్తుంది. అండాకారంగా అరిగి ఉంటే 10 సైజుకో 20 సైజుకో (అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన) గ్రైండింగ్ చేయించి, ఆ సైజు బేరింగులే కొనాలి. అంతకుముందే ఎవరైనా గ్రైండింగ్ చేయించి ఉండవచ్చు కాబట్టి, కొలవకుండా బేరింగులు కొనకండి. హౌసింగ్ విషయంలో, లోపల ఒకదాన్నొకటి తిప్పే పెద్ద గేరు క్రౌను ఒక బండిది, చిన్న గేరు పినియన్ మరో బండిది వేయవద్దు. ఫ్యాక్టరీలో ఆ రెండింటినీ ఒకదానితో ఒకటి రుద్ది జత చేస్తారు. విడదీస్తే కూత పెడుతుంది, త్వరగా పళ్లు తినేస్తుంది. బాగున్న హౌసింగ్‌ను మొత్తంగా మార్చుకోవడమే మేలు.

విప్పడం, కడగడం, గుర్తులు పెట్టడం, కమాన్లు, బ్రేకులు, వైరింగు, రంగు ఇవన్నీ ఇంట్లో చేసుకోదగినవే.

జవాబు (గుంటూరు, రవాణా శాఖ పత్రాల పని తెలిసినవారు)

పై సలహాలో బ్లాకును కాపాడుకోమన్న మాట పత్రాల దృష్టితో చూసినా చాలా విలువైనది. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన వివరాలతో తేడా పడేలా వాహనాన్ని మార్చకూడదు. ఇంజను మారిస్తే ఆ సంగతి రిజిస్టరింగ్ అధికారికి తెలిపి ఆర్‌సీలో నమోదు చేయించుకోవాలి. 2019 జనవరిలో సుప్రీంకోర్టు, కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో, ఈ సెక్షన్‌ను కఠినంగానే వ్యాఖ్యానించింది. అందువల్ల తొట్టి పొడవు పెంచడం, క్యాబిన్ ఆకారం మార్చడం వంటి ఆలోచనలు పెట్టుకోకండి. అదే మోడల్ తొట్టి, అదే కొలతలతో ఉంటే ఇబ్బంది రాదు.

మీ పికప్ సరకు రవాణా వాహనంగా రిజిస్టరై ఉంటుంది కనుక ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తప్పనిసరి. 8 ఏళ్లు దాటిన రవాణా వాహనానికి దాన్ని ఏటా చేయించుకోవాలి. 15 ఏళ్లు దాటిన వాటికి ఆ రుసుములు 2022 ఏప్రిల్ 1 నుంచి బాగా పెరిగాయి, తరువాత కూడా మార్పులు వచ్చాయి కాబట్టి బడ్జెట్ వేసుకునే ముందు నేటి రుసుమును కార్యాలయంలోనే అడగండి. బండి మూలపడినప్పుడు మీ నాన్నగారు స్టాపేజీ (బండిని తిప్పడం లేదని రవాణా శాఖకు రాతపూర్వక సమాచారం) ఇచ్చి ఉంటే ఆ రశీదు కోసం ఇల్లంతా వెతకండి. పన్ను బకాయి లెక్కలో ఆ చిన్న కాగితం చాలా డబ్బు మిగులుస్తుంది.

పాత డీజిల్ బండ్లను తిరగనివ్వరన్న భయం చాలామందిలో ఉంది. 10 ఏళ్ల నిబంధన ఢిల్లీ రాజధాని ప్రాంతానికి సంబంధించినది. 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన వాటి రిజిస్ట్రేషన్ రద్దయినది ప్రభుత్వ వాహనాలకు. మీ బండికి ఆ రెండూ వర్తించవు.

కొన్న బండి విషయంలో ఆలస్యం చేయవద్దు. దాని ఆర్‌సీ మీ దగ్గర ఉందంటున్నారు. అమ్మినవారి పేరు మీదే వదిలేయకుండా, అది ఇక రోడ్డెక్కదని రాతపూర్వకంగా తెలిపి రిజిస్ట్రేషన్ రద్దు చేయించండి. వంగిన ఛాసిస్‌ను నంబరుతో సహా తూకానికి అమ్మకండి. ఆ నంబరు మరో దొంగ బండికి ఎక్కితే పోలీసులు వచ్చేది చివరి యజమాని ఇంటికే. బయటి నుంచి కొనే ప్రతి పెద్ద భాగానికీ బిల్లు తీసుకోండి. హరియాణా, పంజాబ్ సరిహద్దులోని మండీ డబ్వాలీలో కట్టే జీపులు చూడముచ్చటగా ఉంటాయి గానీ, ఇక్కడికి తెచ్చాక కాగితాల దగ్గర చిక్కుకున్నవారిని నేను స్వయంగా చూశాను.

పనికి ముందే ఛాసిస్ నంబరు మీద తెల్లకాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీయండి. తుప్పుతో అంకెలు చెరిగిపోతుంటే, ఇసుక కాగితంతో గీకి మరింత చెరపకుండా, ముందే అధికారికి చూపించండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. నాన్నగారికి అన్నీ చదివి వినిపించాను. క్యాపుల గురించి, ట్రాక్టరుతో లాగించడం గురించి వినగానే ఆయన వెంటనే ఒప్పుకున్నారు. బ్లాకు మనదే ఉంచుకోవచ్చనడం ఆయనకు ఎంతో నచ్చింది. స్టాపేజీ రశీదు అమ్మ బీరువాలో, మా స్కూలు సర్టిఫికెట్ల కింద దొరికింది. ఇక ఒక్క సందేహం. ఆయనకు వయసు మీద పడింది, మోకాళ్లు సహకరించవు, అయినా ఏ పనీ వదలనంటారు. ఇద్దరం పని ఎలా పంచుకోవాలి?

జవాబు (ఖమ్మం, తండ్రితో కలిసి టాటా 207 తిరిగి కట్టినవారు)

మీరు అడిగిన చివరి ప్రశ్నే నాకు అన్నిటికంటే ముఖ్యమైనదిగా కనిపిస్తోంది. పెద్దవారిని కుర్చీలో కూర్చోబెట్టి మనమే అంతా చేస్తే వారు చిన్నబుచ్చుకుంటారు. అలాగని బండి కిందికి పడుకోనివ్వకూడదు. మేము నడుము ఎత్తున గట్టి బల్ల ఒకటి కట్టించి, చేతి నేర్పు కావలసిన పనులన్నీ ఆ బల్ల మీదికి తెచ్చాం. వాల్వులను పేస్టు రాసి సీటు మీద తిప్పుతూ అరగదీయడం, రింగును బోరులో దించి దాని సందును ఫీలర్ గేజితో చూడడం, వీల్ సిలిండర్లు విప్పి రబ్బర్లు మార్చడం, వైరింగు చుట్టలు కట్టడం నాన్నగారివి. వంగి, పాకి, ఎత్తి చేయవలసినవి నావి. వాల్వు సీటు మీద బూడిదరంగు గీత చుట్టూ ఒకే వెడల్పున తెగకుండా వచ్చేదాకా ఆయన వదిలేవారు కాదు. ఆ తరువాత వాల్వులు అమర్చి, హెడ్డును తలకిందులు చేసి డీజిల్ పోసి, ఒక్క చుక్క కిందికి దిగలేదని నాకు చూపించేవారు.

నిర్ణయాలు కూడా పంచుకోండి. కొలత చెప్పేది మీరు, చేతికి తగిలి తెలిసేది ఆయన. హబ్బును చేత్తో తిప్పి బేరింగు ఇంకా నడుస్తుందా లేదా చెప్పడం ఏ పుస్తకంలోనూ పూర్తిగా దొరకదు. నాన్నగారు పొడవాటి స్క్రూడ్రైవరు మొనను నాజిలు హోల్డరుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, ఏ సిలిండరు సరిగా కొట్టడం లేదో చెప్పేవారు. ఆ నాజిలు పైపు నట్టు వదులు చేసి చూస్తే ఇంజను శబ్దం మారేది కాదు, అంటే ఆయన చెప్పినదే నిజం. అటువంటి వాటిని ఫోనులో రికార్డు చేసుకోండి, విప్పే ముందు ప్రతి భాగానికీ ఫోటో తీయండి, బోల్టులను ఎక్కడివి అక్కడ డబ్బాల్లో వేసి మూత మీద పేరు రాయండి.

కొన్ని విషయాల్లో మాత్రం ఆయన మాటను కూడా మీరు పట్టించుకోకూడదు. పాత బ్రేకు లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. డ్రమ్ము విప్పగానే గాలితో ఊదే అలవాటు మన పాతతరం వారికి ఉంది, దాన్ని మాన్పించి తడిగుడ్డతో తుడవండి. జాకీ మీద నిలిచిన బండి కిందికి ఎవరూ దూరవద్దు, స్టాండ్లు వేయాల్సిందే. ఇంజను దించడానికి చైన్ పుల్లీ అద్దెకు తెచ్చుకోండి. పాక దూలానికి వేలాడదీయకుండా ఇనుప కాళ్ల మీద నిలబెట్టండి. పాత డీజిల్ ట్యాంకుకు చిల్లు ఉన్నా ఇంట్లో వెల్డింగు పెట్టవద్దు. లోపల మిగిలిన ఆవిరి అంటుకుంటే ట్యాంకు పేలుతుంది.

క్యాబిన్ నేలకు 18 గేజి రేకు సరిపోతుంది. మీది ఉప్పుగాలి ప్రాంతం కనుక అతుకుల లోపలి వైపు రెడాక్సైడు, దాని మీద రంగు పట్టించాకే మ్యాటు పరవండి. నీరు బయటికి పోయే రంధ్రాలను పుట్టీతో మూయనివ్వకండి. హెడ్డు బోల్టులను మధ్య నుంచి బయటికి, మూడు విడతల్లో, టార్క్ పానాతో బిగించి, ఇంజను ఒకసారి బాగా వేడెక్కి చల్లారాక, వాడిన గ్యాస్కెట్ తయారీదారు సూచనను బట్టి మళ్లీ చూడండి. మొదటి 1000 కిలోమీటర్లు బరువు వేయకండి, ఒకే వేగంతో ఎక్కువసేపు నడపకండి, 500 దాటగానే ఆయిలు, ఫిల్టరు మార్చండి. మొదటిసారి స్టీరింగ్ మీ నాన్నగారికే ఇవ్వండి. మీరు పక్కన కూర్చుని ఆయిల్ ప్రెషర్ ముల్లును చూస్తూ ఉండండి, అది పడిపోతే వెంటనే ఆపమనండి.